గర్భసంచి స్కాన్: రిపోర్టులో ఉన్నదీ, లేనిదీ



నేను స్కానింగ్ డాక్టర్ని. నా దగ్గరకు వచ్చినవాళ్లలో చాలామందికి నా ముఖం గుర్తుండదు. వాళ్లు గదిలోకి వచ్చేసరికే లైట్లు ఆర్పేసి ఉంటాయి. నేను తెరకేసి చూస్తుంటాను, వాళ్లు పైకప్పుకేసి చూస్తుంటారు. పావుగంటలో పని అయిపోతుంది. లేచి చీర సర్దుకుంటూ అందరూ అడిగేది ఒకటే మాట: "ఏమన్నా ఉందా అమ్మా?"

గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్నకు జవాబు చెబుతూ వస్తున్నాను. చెప్పిన ప్రతిసారీ సమయం చాలలేదనే అనిపిస్తుంది. బయట ఇంకో పదిమంది కాచుకుని ఉంటారు. వాళ్లకు ఆగదు. ఆగదంటే, నిజంగానే ఆగదు. పొద్దున పదకొండు గంటలప్పుడు మా గది ముందు బెంచీలు చూడాలి మీరు. చేతిలో నీళ్ల సీసా, మోకాళ్లు దగ్గరకు బిగించుకుని, కదిలితే ఏమవుతుందోనని బిక్కుబిక్కుమంటూ కూర్చుంటారు. "అక్కా, నీకొచ్చిందా?" "లేదమ్మా, ఇంకో సీసా తాగమంది నర్సమ్మ." "నా వల్ల కాదు తల్లీ, నన్ను ముందు పంపండి, మీకు పుణ్యం ఉంటుంది." ఈ నీళ్ల అవస్థ ఎందుకో వాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు. ముందు అది చెబుతాను.

స్కాన్ అంటే ఎక్స్‌రే కాదు. అందులో రేడియేషన్ ఉండదు. ఉన్నది శబ్దం, అంతే. మన చెవికి సెకనుకు 20,000 కంపనాల దాకానే వినిపిస్తుంది. పొట్ట మీద మేం తిప్పే పరికరం నుంచి సెకనుకు 35 లక్షల నుంచి 50 లక్షల కంపనాల శబ్దం లోపలికి పోతుంది. నూతిలోకి తొంగి చూసి పేరు పెట్టి పిలిస్తే మన గొంతు మనకే తిరిగి వినిపిస్తుంది కదా, అలాగే గర్భసంచి గోడకో, అండాశయానికో, నీటి తిత్తికో తగిలి ఆ శబ్దం వెనక్కి వస్తుంది. వచ్చినదాన్ని మిషను బొమ్మగా మారుస్తుంది. అయితే ఈ శబ్దానికీ గాలికీ పడదు. గాలి అడ్డం వస్తే అక్కడితో ఆగిపోతుంది. మన పేగుల నిండా గాలే. ఆ పేగులేమో సరిగ్గా గర్భసంచి మీదే పరుచుకుని ఉంటాయి. మూత్రాశయం నిండితే ఉబ్బి పేగులను పైకి నెట్టేస్తుంది, తానే ఒక నీటి కిటికీ అయి నిలబడుతుంది. ఆ కిటికీలోంచే మేం చూస్తాం. పొట్ట మీద చల్లగా జెల్లు రాసేది కూడా చర్మానికీ పరికరానికీ నడుమ గాలి చొరబడకుండానే. గంట ముందు నాలుగు గ్లాసుల నీళ్లు తాగితే సరిపోతుంది. లీటర్ల కొద్దీ తాగి కళ్లనీళ్లు పెట్టుకోవాల్సిన పని లేదు. మరీ నిండిపోయినా గర్భసంచి నొక్కుకుపోయి బొమ్మ చెడుతుంది.

ఈ మిషను పుట్టుక గురించి ఒక సంగతి చెప్పాలి. ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది. స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్ అని ఒక స్త్రీల వైద్యుడు ఉండేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళంలో పనిచేసి రాడార్ సంగతులు తెలుసుకున్నవాడు. బాయిలర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇనుప పలకల్లో పగుళ్లు కనిపెట్టడానికి శబ్దంతో పనిచేసే యంత్రం ఒకటి ఉందని విన్నాడు. ఇనుములో పగులు పట్టేది కడుపులో గడ్డను పట్టదా అనుకున్నాడు. 1955 జులైలో, ఆపరేషన్లలో తీసిన గర్భసంచి గడ్డలనూ తిత్తులనూ కార్లలో వేసుకుని ఆ ఫ్యాక్టరీకి వెళ్లాడు. పోల్చి చూడ్డానికి అక్కడివాళ్లు పెద్ద మాంసం ముక్క ఒకటి తెచ్చి పెట్టారట. నీటి తిత్తి ఒక రకంగానూ, గట్టి గడ్డ ఇంకో రకంగానూ పలికాయి. తర్వాత టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజనీరు తోడయ్యాడు, మనుషుల మీద వాడే మిషను తయారైంది.

అప్పుడు ఒకామెను డొనాల్డ్‌కు చూపించారు. పొట్ట బాగా ఉబ్బిపోయి ఉంది. కడుపులో క్యాన్సర్, ఆపరేషనుకు కూడా లొంగదు అని తేల్చేశారు పెద్ద డాక్టర్లు. ఆయన మిషను పెట్టి చూశాడు. క్యాన్సర్‌లా లేదు, అంచులు నున్నగా ఉన్న పెద్ద నీటి తిత్తిలా కనపడింది. పొట్ట తెరిచి చూస్తే అది అండాశయం తిత్తే. తీసేశారు, ఆమె బతికింది. 1958 జూన్‌లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో డొనాల్డ్ బృందం ఈ సంగతులన్నీ రాసింది. లోకంలో స్కానింగ్ వైద్యానికి నాంది ఆ వ్యాసమే అంటారు.

చూశారా? చచ్చిపోతానని ఖాయం చేసుకున్న మనిషికి "ఇది అది కాదమ్మా" అని చెప్పడంతో ఈ మిషను పేరు తెచ్చుకుంది. అంటే భయం తీయడానికి వచ్చింది. మన దగ్గరకొచ్చేసరికి అదే మిషను ఇచ్చే కాగితం పట్టుకుని ఆడవాళ్లను భయపెట్టడం అలవాటైపోయింది. ఈ రోజు నేను ముఖ్యంగా మాట్లాడదలుచుకున్నది ఈ విషయమే.

ముందు గదిలో జరిగేదేమిటో రెండు మాటల్లో. పొట్ట మీద నుంచి చేసే స్కానుకు చీర కుచ్చిళ్లు కాస్త కిందికి జరిపితే చాలు. పెళ్లయినవాళ్లకు ఒక్కోసారి కింది నుంచి చేసే స్కాన్ కూడా అవసరమవుతుంది. సన్నటి పరికరానికి కొత్త తొడుగు వేసి, జెల్లు రాసి, యోని ద్వారా లోపలికి పెడతాం. దానికి మూత్రాశయం ఖాళీగా ఉండాలి. అందుకే కొందరికి "వెళ్లొచ్చి మళ్లీ పడుకో" అని చెబుతాం. అలా చెప్పగానే ఆ ముఖాల్లో కనిపించే ఆనందం నాకు భలే ఇష్టం. గర్భసంచికి దగ్గరగా వెళ్తాం కాబట్టి పొర మందం, చిన్న చిన్న అండపు తిత్తులు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. కొద్దిగా ఇబ్బందిగా ఉంటుంది, నొప్పి ఉండకూడదు. ఉంటే చెప్పండి, ఆపేస్తాం. అసలు మీరు సరే అంటేనే చేయాలి. పెళ్లికాని ఆడపిల్లలకు మేమది చేయం. డాక్టరు మగవాడైతే పక్కన నర్సో, మీతో వచ్చిన ఆడమనిషో ఉండాలని అడగండి. అడగడానికి మొహమాటం ఎందుకు?

గోడ మీద ఒక బోర్డు కూడా ఉంటుంది, లింగ నిర్ధారణ చేయడం నేరమని. 1994 నాటి చట్టం అది. గర్భిణులతో వచ్చిన అత్తగార్లు ఆ బోర్డు కిందే నిలబడి, కళ్లతో సైగ చేసి అడుగుతారు. మేం చెప్పం. అడగడమే తప్పని కూడా చెబుతాం.

ఇక రిపోర్టు. అది ఇంగ్లీషులో ఉంటుంది, డాక్టర్ల కోసం రాస్తాం కాబట్టి. కానీ ముందు చదివేది ఇంటర్ చదివే కూతురో, మందుల షాపు అబ్బాయో. వాళ్లు చదివి చెప్పిన ముక్కలతోనే భయం మొదలవుతుంది.

ఎక్కువ భయపెట్టే మాట "బల్కీ యుటరస్". దీన్ని తెలుగులోకి మార్చి "గర్భసంచి వాచింది" అంటారు. వాపు అనగానే లోపల చీము పట్టినట్టు, కుళ్లిపోతున్నట్టు ఊహ. నిజానికి గర్భసంచి ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవుంటుంది, మన గుప్పెడంత. ఇద్దరు ముగ్గురు బిడ్డల్ని మోసి కన్నాక ఇంకాస్త పెద్దదవుతుంది. అంతే. కొందరిలో లోపలి పొర గోడలోకి చొచ్చుకుపోవడం వల్ల కూడా పెద్దదవుతుంది. అప్పుడు నెలసరిలో నొప్పి, రక్తం ఎక్కువ పోవడం ఉంటాయి. బాధ ఉంటే దానికి మందులున్నాయి. బాధే లేకపోతే ఆ మాటకు అర్థం "కాస్త పెద్ద సైజు" అని తప్ప ఇంకేం లేదు. "రెట్రోవర్టెడ్" అని రాస్తే గర్భసంచి వెనక్కి వంగి ఉందని. కొందరికి ముక్కు వంపు తిరిగి ఉన్నట్టే అది కూడా పుట్టుకతో వచ్చే తీరు. "నాబోతియన్ సిస్ట్" అంటే గర్భసంచి మూతి దగ్గర జిగురు గ్రంథి మూసుకుపోయి ఏర్పడ్డ చిన్న బుడగ. ఏం చేయక్కర్లేదు. సిస్ట్ అన్న ఒక్క మాటకు జడిసి ఏడ్చినవాళ్లను నేను చూశాను.

సిస్ట్ అంటే తిత్తి. ప్రతి నెలా అండం ఒక చిన్న నీటి తిత్తిలోనే పెరుగుతుంది. అది దాదాపు రెండు సెంటీమీటర్లయ్యాక పగిలి అండం బయటపడుతుంది. ఒక్కో నెల పగలకుండా ఇంకొంచెం పెరుగుతుంది. నెలసరి వస్తున్న వయసులో ఐదు సెంటీమీటర్ల లోపు మామూలు నీటి తిత్తులు రెండు మూడు నెలల్లో వాటంతటవే కరిగిపోవడం మామూలే. అందుకే మేం "మళ్లీ రండి, చూద్దాం" అంటాం. అలా అన్నప్పుడు డాక్టరుకు తెలియక కాదు, తెలిసే అంటున్నారు. అన్ని తిత్తులూ అలా కరగవు. పాత రక్తం గడ్డకట్టి ఉండే చాక్లెట్ సిస్టులు ఉంటాయి. డెర్మాయిడ్ అని ఇంకో రకం ఉంది. అందులో కొవ్వు, వెంట్రుకలు, ఒక్కోసారి పళ్లు కూడా ఉంటాయి. ఒక ఊళ్లో అలాంటిది తీస్తే పక్కింటివాళ్లు చేతబడి చేశారని ఇంటిల్లిపాదీ భూతవైద్యుడి దగ్గరకు పరుగెత్తారు. అండం కణానికి శరీరంలోని ఏ భాగంగానైనా మారే శక్తి ఉంటుంది, అది దారి తప్పిందంతే. పాపం, పక్కింటివాళ్లకేం తెలుసు!

ఇక కాలేజీ పిల్లల తల్లులు. హాస్టల్లో ఉన్న పిల్లకు రెండు నెలలు నెలసరి రాకపోతే స్కాన్ తీయిస్తారు. "పీసీఓడీ" అని రాసి ఉంటుంది. "నీటి బుడగలంట మేడమ్, ఇక పిల్లలు పుట్టరంటగా, సంబంధాలు చూస్తున్నాం, ఎవరికీ చెప్పకండి" అని తల్లి కళ్లు తుడుచుకుంటుంది. అవి బుడగలూ కావు, రోగపు గడ్డలూ కావు. పెరగడం మొదలుపెట్టి మధ్యలో ఆగిన చిన్న చిన్న అండపు తిత్తులు. ఈడేరిన కొత్తలో అండాశయాల్లో అవి ఎక్కువగానే ఉంటాయి. అందుకే 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, మొదటి నెలసరి వచ్చి ఎనిమిదేళ్లు దాటనిదే స్కాన్ చూసి ఈ జబ్బు పేరు పెట్టొద్దన్నాయి. పన్నెండేళ్లకు పెద్దమనిషైన పిల్లకు పదిహేడేళ్లప్పుడు తీసిన స్కానుతో ఆ ముద్ర వేయకూడదన్నమాట. నెలసరి ఎలా వస్తోంది, గడ్డం మీద వెంట్రుకలున్నాయా, రక్తపరీక్షలేమన్నాయి, ఇవే ముఖ్యం. ముద్ర పడినవాళ్లలో కూడా చాలామందికి పిల్లలు పుడతారు, కొందరికి కాస్త మందుల సాయంతో.

గర్భసంచి గడ్డలు, అంటే ఫైబ్రాయిడ్లు, నలభైల్లో ఉన్న ఆడవాళ్లలో చాలామందికి ఉంటాయి. గోడ బయటివైపు ఉన్న నాలుగు సెంటీమీటర్ల గడ్డ ఏ బాధా పెట్టకపోవచ్చు. లోపలి పొర కింద ఉన్న ఒక సెంటీమీటరు గడ్డ నెలనెలా ఒంట్లో రక్తమంతా తోడేయవచ్చు. కాబట్టి "ఎంతుంది?" అని కాదు, "ఎక్కడుంది?" అని అడగండి.

ఇప్పుడు ఒకామె గురించి చెబుతాను. నేను కొత్తగా స్కానింగ్ మొదలుపెట్టిన రోజులవి. మిరపకాయల ముచ్చికలు తీసే పనికి వెళ్లే అమ్మాయి, ముప్పై కూడా నిండలేదు. ఇద్దరు పిల్లలు, ఇరవై మూడేళ్లకే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది. నడుం నొప్పి, తెల్లబట్ట. రోజంతా గొంతుక్కూర్చుని పనిచేసే మనిషికి నడుం నొప్పి రాక ఏమవుతుంది? నేను స్కాన్ చేసి, చదువుకున్న పద్ధతిలో, "మైల్డ్లీ బల్కీ యుటరస్" అని రాసిచ్చాను. మూడేళ్ల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేదు, ఎముకల నొప్పులు. స్కాన్ పెట్టి చూస్తే గర్భసంచి లేదు, అండాశయాలూ లేవు. "మీరిచ్చిన కాగితమే చూపించి, వాచింది, వదిలేస్తే క్యాన్సరవుతుంది అన్నారమ్మా. నాలుగు రూపాయల వడ్డీకి తెచ్చి చేయించుకున్నాం" అంది. ఎవరు చేశారో అడిగాను. చెప్పింది. ఆ పేరు ఇక్కడ అనవసరం. నా చేతిరాత మాత్రం గుర్తుండిపోయింది. ఆ రోజు నుంచి అలాంటి రిపోర్టు చివర నేనొక వాక్యం రాస్తున్నాను: పిల్లల్ని కన్న గర్భసంచికి ఇది మామూలు సైజు, అని.

ఇది ఆ ఒక్కమ్మాయి కథ అయితే రేడియోలో చెప్పేదాన్ని కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, దేశంలోకెల్లా ఎక్కువ. మన ఆడవాళ్ల గర్భసంచులకు మాత్రమే ఏదో ప్రత్యేకమైన జబ్బు ఉందనుకుందామా? "పిల్లలు పుట్టేశారు, ఇక ఆ సంచితో పనేముంది" అనే మాట, నెలసరి రోజుల్లో కూలి పోతుందన్న బాధ, క్యాన్సర్ బెదిరింపు, ఆపరేషన్ మీద వచ్చే డబ్బు, ఇవన్నీ కలిస్తే ఆ అంకె అయింది. ఈ అనవసరపు ఆపరేషన్ల మీద వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది కూడా.

తీయాల్సినవి ఉంటాయి, కాదనను. క్యాన్సర్ తేలినప్పుడు, పెద్ద గడ్డలతో రక్తం పోయి హిమోగ్లోబిన్ నిలవనప్పుడు, మందులన్నీ వాడి చూసినా లొంగనప్పుడు, గర్భసంచి పూర్తిగా జారి బయటకు వచ్చేసినప్పుడు. అయితే తెల్లబట్టకు కాదు. నడుం నొప్పికి కాదు. కాగితం మీద ఒక్క మాటకు అసలే కాదు. రక్తం ఎక్కువ పోతుంటే మాత్రలున్నాయి, హార్మోన్ లూప్ ఉంది, పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించుకునే వీలుంది. ఎవరైనా "రేపే తీసేద్దాం" అంటే, ఇంకో డాక్టరుకు చూపించి వస్తానని చెప్పండి. ప్రభుత్వ పెద్దాసుపత్రికి రండి. అండాశయాలు కూడా తీస్తారా, ఎందుకు తీస్తారు అని ప్రత్యేకంగా అడగండి. ముప్పై ఏళ్లకు అవి పోతే ముట్లుడిగిన ముసలితనం ఒక్కసారిగా మీద పడుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

దీనికి తిరగేసిన భ్రమ ఒకటి ఉంది. స్కాన్ బాగుంది కాబట్టి క్యాన్సర్ లేదు అనుకోవడం. మన ఆడవాళ్లకు ఎక్కువగా వచ్చే గర్భసంచి మూతి క్యాన్సర్ తొలిదశలో ఈ స్కానులో కనపడదు. ఎంత మంచి మిషను పెట్టినా కనపడదు. దానికి వేరే పరీక్షలున్నాయి: పాప్ స్మియర్, హెచ్‌పీవీ పరీక్ష, ప్రభుత్వ ఆసుపత్రుల్లో అసిటిక్ యాసిడ్ రాసి చూసే పరీక్ష. ముప్పై దాటిన వాళ్లు ఐదేళ్లకోసారి చేయించుకోవాలి. నిమిషాల్లో అయిపోతాయి, నీళ్లు తాగే పని కూడా లేదు. అలాగే ఏ బాధా లేకుండా ఏటేటా హెల్త్ చెకప్ ప్యాకేజీలో స్కాన్ తీయించుకుంటే అండాశయం క్యాన్సర్ నుంచి తప్పించుకోవచ్చనుకునేవాళ్లున్నారు. బ్రిటన్‌లో నెలసరి ఆగిన రెండు లక్షల మందికి పైగా ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించి, స్కానులు, రక్తపరీక్షలు చేశారు. దానివల్ల ఆ క్యాన్సర్ చావులు తగ్గలేదని 2021లో తేలింది. నా గదికి గిరాకీ తగ్గే మాటే ఇది, అయినా చెప్పాల్సిందే.

మరి ఎప్పుడు రావాలి? నెలసరి పూర్తిగా ఆగిపోయి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనపడినా రండి. అప్పుడు లోపలి పొర మందం చూస్తాం. నాలుగు మిల్లీమీటర్లు, అంతకు తక్కువ ఉంటే క్యాన్సర్ ఉండే అవకాశం చాలా తక్కువ. ఎక్కువుంటే ముక్క పరీక్ష చేయాలి. యాభై దాటిన మనిషికి వారాల తరబడి పొట్ట ఉబ్బరంగా ఉండి, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టవుతుంటే గ్యాస్ మాత్రలతో కాలం గడపకండి. నెల తప్పిన మనిషికి పొత్తికడుపులో ఒకపక్క నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆ గంటే రండి, గర్భం ట్యూబులో ఉండవచ్చు. ఉన్నట్టుండి ఒకవైపు మెలిపెట్టే నొప్పి, వాంతులు వస్తే తిత్తి మెలిక పడి ఉండవచ్చు. అప్పుడు నీళ్లు తాగి కూర్చునే పని లేదు, తిన్నగా లోపలికి రండి.

మిగతావాళ్లు వచ్చేటప్పుడు పోయిన నెల ఏ తేదీన బయటున్నారో ఒక చీటీ మీద రాసుకు రండి. పాత రిపోర్టులు పారేయకండి, అవి పక్కన పెట్టుకుంటే తిత్తి పెరిగిందో, తగ్గిందో, అసలు పోయిందో తెలుస్తుంది. లేచి చీర సర్దుకునేటప్పుడు "ఏమన్నా ఉందా అమ్మా?" అని తప్పకుండా అడగండి. ఉంటే, "దానికి ఇప్పుడు ఏమన్నా చేయాలా?" అని రెండో ప్రశ్న కూడా అడగండి. బయట ఎంతమంది ఉన్నా సరే, ఆ రెండో ప్రశ్నకు జవాబు చెప్పించుకునే బయటకు వెళ్లండి.